తూర్పారబట్టునపుడు గింజ పోరాదు

రైతుసోదరులారా, కళ్ళమున ధాన్యము తూర్పారబట్టుట మనకు క్రొత్త పని కాదు. తాలు ఎగిరిపోవలెను, గింజ నిలువవలెను. ఓటర్ల జాబితాను శుద్ధిచేయుటయు నిట్టి పనియే యని మా అభిప్రాయము.

1993వ సంవత్సరమున, శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమీషనరుగా నున్నపుడు, ఫొటోగల ఓటరు కార్డు వచ్చినది. ఒకరి ఓటు నింకొకరు వేయకుండుటకు అది మేలైన యేర్పాటే. అయితే కార్డు చేత నున్న ఓటు ఉన్నట్లే యని మనలో పలువురు తలంచుచున్నారు. ఇది పొరపాటు. 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము జాబితాలో పేరు లేనివారు ఓటు వేయజాలరు. పేరున్నచో, ఓటరు కార్డు లేకున్నను ఆధారు కార్డు, ఉపాధిహామీ జాబుకార్డు, ఫొటోగల బ్యాంకు పాసుపుస్తకము మొదలగువానిలో నొకటి చూపి ఓటు వేయవచ్చును.

2015లో ఓటరు కార్డులను ఆధారుతో జతపరచు పని మన రాష్ట్రమున సాగి, ఆగస్టులో సుప్రీముకోర్టు ఉత్తరువుచే నిలిచినది. 2018 డిసెంబరు 7వ తేదీన జరిగిన శాసనసభ ఎన్నికలలో కార్డు చేతబట్టుకొని వచ్చిన పలువురు, జాబితాలో తమ పేరు గానక మరలిపోయిరి. నాటి రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి బహిరంగముగా క్షమాపణ చెప్పిరి. అది పెద్దరికమే, కాని పోయిన ఓటు మరల రాదు.

దేవరయాంజాల్ వంటి చోట్ల ఈ భయ మధికము. పొలముల నడుమ గోదాములు లేచినవి. కుటుంబములు ఇండ్లు మార్చుచున్నవి. తలుపునకు తాళము చూచి "ఇక్కడ లేరు" అని వ్రాయుట సులభము. కూలికి పోయినవాడు సాయంకాలమునకు వచ్చునని కాగిత మెరుగదు.

దొంగ ఓట్లు పోవలదా యని కొంద రడుగుదురు. పోవలసినదే. కాని పేరు తీసివేయువాడే కారణము చూపవలెను. ఉన్నవాడు తానున్నానని మాటిమాటికి ఋజువు చేసికొనుట న్యాయము కాదు. ఇల్లు మారెనను కారణమున పేరు తొలగించుటకు ముందు ఆ మనిషి చెప్పుకొనుట కవకాశ మీయవలెనని 1950వ సంవత్సరపు చట్టమే విధించుచున్నది.

మన సంఘములో సభ్యుల వాటా పట్టీని సరిచూచుకొందుము గదా! అట్లే ముసాయిదా జాబితా వెలువడిన వెంటనే సభలో దానిని బిగ్గరగా చదివింపుడు. క్రొత్త పేరునకు 6వ ఫారము, సవరణకు 8వ ఫారము గలవు. 1950 నంబరునకు ఫోను చేసినను తెలియును. ఎన్నికలనాడు వగచుటకంటె ముందు మేలుకొనుట మేలు. చదువరులు చదువురాని పొరుగువారి పేరును గూడ చూడవలెనని మా మనవి.