పత్తి మార్కెట్లో కరపత్రాలెందుకండీ?

దుప్పటి ఇచ్చి, దానితో పాటు కరపత్రం చేతిలో పెట్టడాన్ని దయచేసి సేవ అనకండి. దాన్ని మా సాఫ్టువేరు వాళ్ళ భాషలో ఫ్రీ ట్రయల్ అంటారు :-)

నేను క్రైస్తవుణ్ణే. జమ్మికుంట లో పుట్టి, ఇంజనీరింగు వెలగబెట్టి, హైదరాబాదు లో కోడు రాసుకుంటున్న సాఫ్టువేరు కూలీని. కాబట్టి ఇది బయటినుంచి పడ్డ రాయి అనుకోకండి. మొన్నామధ్య మా యువజనుల కూడిక లో "సువార్తకి కొత్త మార్గాలు" అని పెద్ద చర్చ పెట్టారు. తేలిన కొత్త మార్గాలివి: యూట్యూబు ఛానెలు, ఇప్పుడున్నదాని కంటే పెద్ద మైకు, డిసెంబరు లో దుప్పట్లు, దుప్పట్ల మీద సంఘం పేరు. ఇందులో కొత్తదేదో నాకైతే అర్థం కాలేదు.

నేను వేరేది చెప్పాను. తెలియనివాళ్ళకి, మాది పత్తి ఊరు. సీజనొస్తే ఊరంతా బళ్ళూ ట్రాలీలే. 2025 సీజను నుంచి సీసీఐ కి పత్తి అమ్మాలంటే రైతు "కపాస్ కిసాన్" అనే యాప్ లో పేరు నమోదు చేసుకుని, స్లాటు బుక్ చేసుకోవాలి. ఆధారు, భూమి వివరాలు, ఫోనుకొచ్చే ఓటీపీ… యాప్ లు చేసి బతికే నాకే ఇలాంటివి చూస్తే చిరాకేస్తుంది. అరవై దాటిన, బటన్ ఫోను పట్టుకున్న రైతు సంగతి చెప్పక్కర్లేదు. అది దాటినా తేమ ఉంది. 8 శాతం దాటితే ధర లో కోత, 12 దాటితే సీసీఐ అసలు కొనదు. ఆ సీజను కి పొడవు పింజ మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు. బండి కిరాయి పెట్టుకుని తెచ్చాక మీటరు మీద 14 కనిపించిందనుకోండి, వెనక్కి తీసుకుపోలేక ప్రైవేటు వ్యాపారి ఎంతంటే అంతకి ఇచ్చి పోవాల్సిందే.

నేనడిగింది చాలా చిన్నది. మార్కెట్ వాళ్ళ అనుమతి తీసుకుని గేటు దగ్గర ఓ బల్ల, యాప్ తెలిసిన ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఓ కుండ లో చల్లటి నీళ్ళు. ఓ తేమ మీటరు కొని బండి మీద ఊళ్ళకి తిప్పితే ఇంకా మంచిది, పత్తి ఎండిందో లేదో ఇంటికాడనే తెలిసిపోతుంది. బ్యానరు వద్దు, ఫొటోలు వద్దు, చివర్లో ప్రార్థన వద్దు.

ఓ పెద్దాయన నవ్వి, "మంచిగనే ఉంది బిడ్డా, గని దీంతోని ఎన్ని ఆత్మలస్తయ్?" అన్నాడు.

అదీ సంగతి! లెక్క. దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి సమరయుడు సత్రానికి మోసుకెళ్ళి, ఖర్చులకి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఏమన్నా అయితే తిరిగొచ్చేప్పుడు ఇస్తానని తన దారిన పోయాడు. వాడి పేరు రాసుకోలేదు, నువ్వే కొండ మీద ఆరాధిస్తావని అడగలేదు. ఈ కథ మీద ఏటా ప్రసంగం వింటాం. విని బయటికొచ్చి దుప్పట్ల మీద పేరు అచ్చేయిస్తాం.

మన పక్క నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి లో 1915 లో కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. పెట్టింది వెస్లియన్ మిషనరీలు, డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్. డబ్బిచ్చింది నర్సాగౌడ్ అనే హిందువు. మిషనరీలమని వాళ్ళేం దాచుకోలేదు, ఆ సంగతి నర్సాగౌడ్ కీ తెలుసు. అయినా ఇచ్చాడంటే అక్కడ జరిగే పని కళ్ళకి కనిపించింది కాబట్టే. ఆ రోజుల్లో కుష్ఠుకున్న మందల్లా హిడ్నోకార్పస్ నూనె సూదులు. ఊరు వెలేసిన మనిషిని ముట్టుకుని ఆ సూది వేశారు చూడండీ, అంతకంటే పెద్ద సువార్త ఏ మైకులోంచి వస్తుంది?

ఇది చదివి "చూశారా, వాళ్ళవాడే ఒప్పుకున్నాడు, సేవంతా గాలమే" అని చంకలు గుద్దుకునేవాళ్ళకీ ఓ మాట. దళితుడు క్రైస్తవుణ్ణయ్యానని కాగితం మీద రాస్తే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. మన రాష్ట్రం లో బీసీ-సీ కింద, ఒక్క శాతం లో పడతాడు. ఒక దుప్పటికి ఇంత బేరమా? పేదవాడికి లెక్కలు రావని మీరెలా అనుకున్నారు? అతను చర్చికొస్తే అతని కారణాలు అతనికుంటాయి. కాకపోతే మీ అనుమానానికి ఏటా డిసెంబరు లో మేమే మేత వేస్తున్నాం, అది మాత్రం నిజం.

"మరి సువార్త చెప్పొద్దా?" అంటారు. చెప్పండి, ఎవరొద్దన్నారు? ఆదివారం చర్చి తలుపులు తీసే ఉంటాయి, అడిగినవాడికి అరగంట కాదు, అరపూట చెప్పండి. కానీ తేమ పరీక్ష కోసం వరుసలో నిలబడ్డ రైతు వెళ్ళిపోలేడు. వెళ్ళిపోలేని మనిషికి చేసేది ప్రసంగం కాదు, దౌర్జన్యం.

అక్టోబరు వస్తే పత్తి వస్తుంది. బల్ల దగ్గర కూర్చోడానికి ఇప్పటికి ముగ్గురు ఒప్పుకున్నారు. అందులో ఒకడు ఏటా హనుమాన్ మాల వేసుకుని కొండగట్టుకి పోయేవాడు. తేమ మీటరు కి చందాలేస్తున్నాం. పెద్దలు ఇంకా ఆలోచిస్తున్నారట.