వంశవృక్షంలో ఆమె పేరు కొట్టేయకండి

దివిసీమ, గుడివాడ వైపు ఊళ్లలో పెద్దవాళ్లను అడిగి, విజయవాడలో ఉండే మనవలు వంశవృక్షాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. పేర్లతో పెద్ద చిక్కు రాదు. చిక్కల్లా దంపతులను కలిపే గీత దగ్గరే. గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ గీతకు మ్యారీడ్, అన్‌మ్యారీడ్, సివిల్ యూనియన్, అన్‌నోన్ లాంటి ఎంపికలుంటాయి. విడిపోయిన జంట ఎదురైతే మొదటి భార్య పేరు తీసేసి, రెండో ఆమెను అక్కడ చేర్చాలనిపిస్తుంది. అది అన్యాయం. పెళ్లి జరిగింది, తర్వాత విడిపోయారు. రెండూ జరిగినవే, రెండూ తేదీలతో ఉండాలి. వంశవృక్షాల సమాచారాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మార్చే జెడ్‌కామ్ పద్ధతిలో పెళ్లికీ విడాకులకూ వేరువేరు గుర్తులున్నాయి. విడాకులు నమోదు చేసినంత మాత్రాన పెళ్లి చెరిగిపోదు.

మన డెల్టాలో తేదీ లేని బంధం తప్పుదారి పట్టిస్తుంది. 1949లో మద్రాసు రాష్ట్రం ద్విభార్యత్వాన్ని నిషేధించేదాకా హిందూ పురుషుడు ఇద్దరిని చేసుకోవడానికి చట్టం అడ్డు చెప్పలేదు. కనుక భార్య ఉండగా 1930లో చేసుకున్న పెళ్లినీ, 1960లో చేసుకున్నదాన్నీ ఒకే గాటన కట్టలేం. పెద్దమనుషుల ముందు తెగతెంపులై మారుమనువు వెళ్లిన స్త్రీకి కోర్టు కాగితం ఉండదు. అయినా ఆచారంగా వచ్చిన విడాకుల హక్కును 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడింది. పెళ్లి ఏ పద్ధతిలో జరిగిందన్నదీ ముఖ్యమే. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు తరలించిన గోరా, తన కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. అలాంటి వివాహానికి మ్యారీడ్ అని నొక్కి ఊరుకుంటే, కులాన్ని కాదని ఆ కుటుంబం వేసిన అడుగు ఎక్కడా కనపడదు.

ఇంటి గుట్టు బయటపెట్టడం దేనికని అడిగేవాళ్లుంటారు. బతికున్నవాళ్ల విషయంలో ఆ అభ్యంతరం న్యాయమైనదే. వారిని అడగాలి, వద్దంటే ఆ వివరాన్ని ఇతరులకు కనపడకుండా ఉంచాలి. అసలు భయం మాత్రం ఆస్తి గురించి. పేరు రాస్తే వాటా అడుగుతారంటారు. వాటా వంశవృక్షం వల్ల రాదు, చట్టం వల్ల వస్తుంది. చెల్లని పెళ్లికి పుట్టిన పిల్లలకూ ఉమ్మడి ఆస్తిలో తల్లిదండ్రులకు దక్కే భాగంలో హక్కుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో తేల్చింది. పేరు చెరిపినంత మాత్రాన ఆ హక్కు పోదు. పైగా చనిపోయినవారి బంధుత్వం గురించి, తగాదా మొదలవకముందు కుటుంబ వంశవృక్షంలో రాసిన మాటను సాక్ష్య చట్టం పరిగణనలోకి తీసుకుంటుంది. అందుకే ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కూడా రాసి పెట్టుకోవాలి. పేరే దొరకని చోట, “మొదటి భార్య, పేరు తెలియదు, పిల్లలు లేరు, చెప్పినది మేనత్త” అని రాసినా చాలు. ఆమె పుట్టిల్లు ఏ ఊరో తెలిస్తే, అక్కడి పెద్దవాళ్లు ఉండగానే వెళ్లి వాకబు చేయాలి.