గృహవిషయములు: పాత కంప్యూటరుకు క్రొత్త విండోస్



పోయిన నెల నొక సాయంకాలము నారాయణగూడలో కంప్యూటర్లు బాగుచేయు నొక చిన్న దుకాణమున మేము మా పని ముగియువరకు కూర్చుండియుంటిమి. ఇంతలో నొక తల్లియు కూతురును వచ్చిరి. తల్లి చంకలో తువాలులో చుట్టిన లాప్‌టాపు. కూతురు అశోక్‌నగర్‌లో నొక వసతిగృహమున నుండి ప్రభుత్వోద్యోగపు పరీక్షలకు చదువుకొనుచున్న పిల్ల. దుకాణదారుడు యంత్రమును తెరచి, రెండు నిమిషములు చూచి, “దీనికి విండోస్ 11 ఎక్కదమ్మా. 10 కాలం అయిపోయింది. కొత్తది కొనుక్కోవాల్సిందే” అనెను. ధర యడుగగా నలుబదివేలకు తక్కువ లేదనెను. “బాగనే నడుస్తున్నది గద నాయనా, దీనికేమైంది?” అని ఆ తల్లి యడిగినది. అతడు నవ్వి ఊరకుండెను. ఆమె మరల తువాలు చుట్టుకొని లేచినది.

ఆ ప్రశ్న మాకు నచ్చినది. ఇది యొక్క ఆమె ప్రశ్నయే కాదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము నుండి అశోక్‌నగర్ సందుల వరకు నడచినచో, జిల్లాల నుండి వచ్చిన యెందరో ఆడపిల్లలు అన్న వాడి విడిచినదో, మేనమామ యిచ్చినదో యొక పాత యంత్రము ముందు కూర్చుండి పాఠములు వినుచుందురు. ఇండ్లలో శుభలేఖలు కూర్చువారును, లెక్కలు వ్రాయువారును గలరు. వారందరికిని ఈ మాసము మేము తెలిసికొన్నది చెప్పెదము.

మొదట ఆ తల్లి ప్రశ్నకు జవాబు. యంత్రమున కేమియు కాలేదు. కంప్యూటరు లోపలి పనులన్నిటిని నడపించు మూలవ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టం అని పేరు, విండోస్ అట్టిది. విండోస్ 10 అనునది 2015 జూలై 29న వెలువడినది. దానికి మైక్రోసాఫ్ట్ వారు చేయుచుండిన సేవను 2025 అక్టోబరు 14తో ముగించిరి. సేవ ముగియుట యనగా యంత్రము నిలిచిపోవుట కాదు. దొంగలు ప్రవేశింపదగిన కన్నములు ప్రతి వ్యవస్థలోను బయటపడుచునే యుండును. నెలనెలయు వచ్చి వానిని పూడ్చు మేస్త్రీ ఇక రాడన్న మాట. ఇల్లు కూలలేదు, కాని బ్యాంకు లావాదేవీలు జరుపు ఇంటిలో కన్నములు పూడ్చకుండ ఏండ్ల తరబడి కాపురముండుట మంచిది కాదు.

అట్లయిన 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11ను ఎక్కించుకొనరాదా యందురు. దానికి కొన్ని నిబంధనలు గలవు. నాలుగు జీబీల ర్యాము, అరువదినాలుగు జీబీల నిలువచోటు చాలామంది యంత్రములలో నున్నవే. చిక్కు రెండింటితో. ఒకటి, రహస్యపు తాళములను భద్రపరచు టీపీఎం 2.0 అను ఏర్పాటు. రెండు, ప్రాసెసరు తరము: ఇంటెల్ వారిదైనచో సామాన్యముగా 2017లో వచ్చిన ఎనిమిదవ తరము గాని, ఆ తరువాతిది గాని కావలెను, ఏఎండీ వారిదైనచో రైజెన్ 2000 శ్రేణి మొదలు. టీపీఎం కావలె ననుటలో న్యాయమున్నది; యంత్రము పరులపాలైనను అందలి రహస్యములు వారికి దక్కకుండ అది కాపాడును. కాని చక్కగా నడచుచున్న ఏడవ తరపు యంత్రమును పంక్తిలో నుండి లేపివేయుటను మేము సమర్థింపజాలము. నలుబదివేల రూప్యము లనగా ఆ పిల్లకు ఎన్ని నెలల భోజనవసతి!

అందుచేత దుకాణమునకు పోకమునుపే మీరే చూచుకొనుడు. సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో అబౌట్ అనుచోట ప్రాసెసరు పేరుండును. ఐ5-7200యు అని యున్నచో గీత తరువాతి 7 ఏడవ తరము. ఐ5-8250యు అనినచో ఎనిమిదవది. గీత తరువాత 10 అనియో 11 అనియో మొదలైనచో పదియవ, పదునొకండవ తరములు. ఐ5, ఐ7 అను మాటలలోని అంకెలను చూచి మోసపోకుడు. ఐ7 అని గర్వముగా చెప్పుకొనునది మూడవ తరముది కావచ్చును. తరువాత విండోస్ గుర్తున్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన గడిలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుడు. టీపీఎం కలదో లేదో తెలియును.

ఇక్కడ నొక విశేషము. అశోక్‌నగర్‌లో మా యెరుకనున్న యొక సోదరి యంత్రము ఎనిమిదవ తరముదే. అయినను విండోస్ 11 వలదన్నది. కారణము, టీపీఎం లోపల నుండియు ఆపివేయబడి యుండుట. యంత్రము వెలుగగానే బయాస్ లోనికి పోయి, ఇంటెల్ యంత్రములలో పీటీటీ యనియు, ఏఎండీ వానిలో ఎఫ్‌టీపీఎం అనియు కనబడు దానిని త్రిప్పిన చాలును. పది నిమిషముల పని. ఆమె అప్పటికే క్రొత్తదానికి బయానా యిచ్చియుండెను!

తరము నిజముగా పాతదే అయిన యెడల కొందరు కుర్రవాండ్రు “పర్లేదు, ఎక్కిస్తాం” అందురు. వారు చెప్పునది అబద్ధము కాదు. రూఫస్ అను నొక ఉచిత పరికరముతో, ఎనిమిది జీబీలకు తక్కువ కాని పెన్‌డ్రైవుపై విండోస్ 11ను వ్రాయునపుడు, ఆ నిబంధనల పరీక్షను తొలగించుకొనవచ్చును. అట్లు ఎక్కించినవి నడచుచున్నవి కూడ. కాని ఇది పిలువని పేరంటము. ఇట్టి యంత్రములకు మరమ్మతులు వచ్చునని తాము హామీ యీయమని మైక్రోసాఫ్ట్ వారు స్పష్టముగా చెప్పియున్నారు. నెలవారీ మరమ్మతులు సామాన్యముగా వచ్చుచున్నను, ఏటేట వచ్చు పెద్దమార్పు దానంతట అది రాదు. ఇండ్లలో వాడు హోమ్ కూర్పు ప్రతిదానికిని ఇరువదినాలుగు నెలలే సేవ గనుక, ఆ గడువు లోపల మరల అదే పెన్‌డ్రైవు, అదే తంటా. ఇంటిలో ఆ పని తెలిసినవారున్నచో సరే. వసతిగృహములో ఒంటరిగా నుండు పిల్లకు, పరీక్షకు పదిరోజుల ముందు ఆ తంటా వచ్చిపడిన దిక్కెవరు? కోర్ 2 డ్యుయో నాటి మరీ పాతవానిలో నైతే ఈ ఉపాయమును చెల్లదు. 2024లో వచ్చిన 24హెచ్2 కూర్పు మొదలు ఆ ప్రాసెసర్లకు తెలియని ఆజ్ఞలు విండోస్‌కు తప్పనిసరి యైనవి.

నిదానముగా ఆలోచించుకొనుటకు గడువు కావలసినవారికి ఒక మార్గముండెను. విండోస్ 10కే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులు పొందు ఏర్పాటును మైక్రోసాఫ్ట్ వారు 2025లో గృహస్థులకు కల్పించిరి. ముప్పది డాలర్లు చెల్లించియో, తమ ఖాతాతో సెట్టింగులను భద్రపరచుకొను పద్ధతికి సమ్మతించి ఉచితముగానో చేరవచ్చు ననిరి. మా వీథిలో దీని మాట తెలిసినవారు బహు స్వల్పము. దుకాణములలో ఎవరును చెప్పరు.

ఇక మాకు మిక్కిలి నచ్చినది లినక్స్. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ తోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ పని నేడు వేలాదిమంది చేతులమీద పెరిగినది, వెల లేదు. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ అను సంస్థవారు దీనిని తెలుగులో అందించుటకు పాటుపడిరి. క్రొత్తవారికి లినక్స్ మింట్ సులభము. విండోస్‌కు అలవడిన కన్నులకు వింతగా తోచదు. అందులోని 22వ కూర్పునకు 2029 వరకు మరమ్మతులు వచ్చునని ప్రకటించిరి. అన్నిటికంటె మేలైనది, యంత్రములోని దేనిని తాకకుండ పెన్‌డ్రైవు మీదనుండియే దీనిని నడపి చూడవచ్చును. వైఫై అందుచున్నదా, శబ్దము వచ్చుచున్నదా, మీ ప్రింటరు పలుకుచున్నదా అని ఒక పూట చూచి, నచ్చకున్న పెన్‌డ్రైవు లాగివేసిన, పాత విండోస్ ఎప్పటివలెనే యుండును. చీర కట్టి చూచుకొని కొనినట్లు.

అయితే లినక్స్ అందరికిని సరిపడునని చెప్పి మిమ్ము మభ్యపెట్టము. టాలీలో లెక్కలు వ్రాయువారికి ఇది తగదు. అను ఫాంట్లతో పేజ్‌మేకరులో శుభలేఖలు, కరపత్రములు కూర్చువారికిని తగదు. అను అక్షరములు యూనికోడ్ పద్ధతివి కావు గనుక, ఆ ఫైలును మరియొకచోట తెరచినచో “చి.ల.సౌ.” అను చోట ఏవో ఇంగ్లీషు గుర్తులు కనబడి పెండ్లివారి గుండె ఆగును. చదువుకొనుట, పాఠములు చూచుట, ఉత్తరములు వ్రాయుట, దరఖాస్తులు పంపుట మాత్రమే చేయువారికి మాత్రము మేము నిస్సంకోచముగా లినక్స్‌నే చెప్పుదుము.

ఏ మార్గము పట్టినను ముందుగా చేయవలసిన దొకటి కలదు. దానిని మేము చేయక చెడితిమి. మా యింటి పాత యంత్రమున క్రొత్త వ్యవస్థ నెక్కించునపుడు, డిస్కు భాగముల పట్టిక తెరపైకి వచ్చినది. ఖాళీగా నున్నదనుకొని రెండవ భాగమును తుడిచివేసితిమి. అందులో మా తల్లిగారు శ్రావణమాసములో పాడిన మంగళహారతులుండెను. ఎవరో పిల్లలు సెల్‌ఫోనుతో రికార్డు చేసి దానిలో దాచిరట. ఆమె గతించి అప్పటికి రెండేండ్లు. తప్పు మరెవ్వరిదియు కాదు, మాదే. తుడిచినదానిని వెలికితీయు ప్రయత్నము కొంత చేయించితిమి గాని, అప్పటికే దానిపై క్రొత్తది వ్రాయబడియుండెను. కావున డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్లు అని రెండు సంచులు చూచి తృప్తిపడక, ప్రతి మూలయు వెదకి వేరొక డిస్కులోనికి ఎక్కించుకొనుడు. ఎక్కించిన పిమ్మట ఆ డిస్కును మరియొక యంత్రమునకు తగిలించి నాలుగు ఫైళ్లు తెరచి చూడుడు. దుకాణమున కిచ్చినను ఇంతే. “అన్నీ ఉంటాయమ్మా” అను మాటను బట్టి ఇయ్యకుడు. పాస్‌వర్డులను కాగితముపై వ్రాసి బీరువాలో నుంచుడు.

ఆనాడు ఆ తల్లీకూతుళ్లను మేము వెంబడించి మెట్లవద్ద పట్టుకొంటిమి. యంత్రము ఏడవ తరముది, ర్యాము నాలుగు జీబీలు, లోపల తిరుగుడు డిస్కు. దాని నత్తనడకకు అసలు కారణము ఆ డిస్కే. దానిని తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామును ఎనిమిది జీబీలకు పెంచి, మింట్ ఎక్కించితిమి. ఖర్చు క్రొత్తదాని ధరలో చిన్న భాగమే యైనది. తెలుగు టైపుకు ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికను పెట్టి యిచ్చితిమి. మొదటి వారము ఆ పిల్ల ఇది యెక్కడ, అది యెక్కడ యని దినమునకు మూడుసార్లు ఫోను చేసినది; రెండవ వారము ఒక్కసారి చేసినది.

శుభలేఖలు కూర్చు మా చిక్కడపల్లి సోదరి మాత్రము విండోస్ 10ను విడువలేదు. విడువవలదని మేమే చెప్పితిమి. ఆమె యంత్రమునకు వైఫైని పూర్తిగా ఆపివేసి, ఫైళ్లను పెన్‌డ్రైవుతో మాత్రమే తెచ్చి యిచ్చుచున్నది. బ్యాంకు పనులు ఫోనులో చూచుకొనును. మాఘమాసపు ముహూర్తములకు వచ్చిన పనియంతయు ఆమె దానిమీదనే కూర్చినది.