యానాం

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన ఒక చిన్న జిల్లా. ఇది గౌతమీ గోదావరి తీరాన ఉన్నది. దీని చుట్టూ ఆంధ్ర ప్రదేశ్ భూభాగమే. విస్తీర్ణము 30 చ.కి.మీ. 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. ప్రధాన భాష తెలుగు.

పరిపాలన

ఇక్కడ ఫ్రెంచి పాలన 1954లో ముగిసినది. చట్టబద్ధమైన విలీనం 1962లో పూర్తయినది. రాజధాని పుదుచ్చేరి రోడ్డు మార్గాన 800 కి.మీ.కు పైగా దూరం. ఎన్నికయ్యే 30 మంది శాసనసభ్యులలో యానాం ప్రతినిధి ఒక్కరే. 2021 ఎన్నికలలో ఎన్.రంగస్వామి ఇక్కడ స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఓడి, మరొక స్థానం నుండి గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడు.

సమస్య

2022 జూలైలో గోదావరి వరద యానాంను ముంచెత్తినది. ఎగువనున్న ధవళేశ్వరం ఆనకట్ట నిర్వహణ ఆంధ్ర ప్రదేశ్‌ది, యానాం పాలన పుదుచ్చేరిది. ఈ ప్రాంత ప్రతిపత్తిని మార్చాలంటే, 1956 ఒప్పందం ప్రకారం ముందుగా ప్రజాభిప్రాయం తెలుసుకోవాలి.