గంజాం తెలుగు బిడ్డల చదువు: మనోవిజ్ఞానం ఏమంటున్నది?

జ్ఞాపకశక్తి పెంచుకోవడం ఎలా, ఏకాగ్రత సాధించడం ఎలా, పనిలో ఒత్తిడిని గెలవడం ఎలా అని బోధించే పుస్తకాలకు ఈనాడు లోటు లేదు. రైల్వే స్టేషన్ల అంగళ్ళలో కూడా అవి గుట్టలుగా పడి ఉంటాయి. అయితే వాటిలో చాలావరకు ఒక ప్రశ్నను దాటవేస్తాయి. చదివేవాని మనసు ఏ భాషలో పనిచేస్తున్నది? బరంపురంలోనూ, గంజాం జిల్లా ఊళ్ళలోనూ ఉన్న తెలుగు కుటుంబాలకు అన్నిటికంటె ముందు తేలవలసిన ప్రశ్న ఇదే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం ప్రాంతం మద్రాసు నుంచి విడివడి అందులో చేరింది. ఇక్కడి తెలుగువారిలో చాలామంది వలస వచ్చినవారు కారు. వారు కదలలేదు, సరిహద్దు కదిలింది. అంతకు ముందు మద్రాసు ఏలుబడిలో గంజాం ఒడియావారు తమ పిల్లలకు తమ భాషలోనే చదువు కావాలని అడిగారు. ఆ కోరిక న్యాయమైనది. అదే న్యాయం ఈనాడు తెలుగు బిడ్డకు వర్తించదని ఎవరైనా అంటే కారణం చెప్పవలసిన బాధ్యత వారిదే.

మనోవిజ్ఞానం ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడుతున్నది. మనసుకు ఒక చిన్న పనిబల్ల వంటిది ఉన్నదని, ఒక్క క్షణంలో దానిమీద కొద్దిపాటి వస్తువులు మాత్రమే పడతాయని ఇంగ్లండుకు చెందిన అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో వివరించారు. ఇంట తెలుగు తప్ప మరొక మాట వినని ఆరేళ్ళ పిల్లవాడిని ఒడియా మాధ్యమ తరగతిలో కూర్చోబెడితే ఏమవుతుంది? గురువు చెప్పిన ప్రతి మాటనూ ముందు మాటగా పోల్చుకోవాలి, తరువాత దాని అర్థం పట్టుకోవాలి, ఆపైన కూడికో తీసివేతో చేయాలి. బల్ల అంతా మాటలతోనే నిండిపోతుంది, లెక్కకు చోటు మిగలదు. వాడు వెనకబడతాడు. 'మొద్దు' అన్న పేరు పడుతుంది. కొన్నాళ్ళకు ఆ పేరును వాడే నమ్ముతాడు. అన్నిటిలోకి పెద్ద నష్టం ఇదే.

సోవియట్ మనోవిజ్ఞాని వైగాట్‌స్కీ 1934లో వెలువడిన గ్రంథంలో మరొక సంగతి విడమరిచి చెప్పాడు. కష్టమైన పని ఎదురైనప్పుడు పసిపిల్లలు తమలో తాము పైకే మాట్లాడుకుంటారు. వయసు పెరిగే కొద్దీ ఆ గొణుగుడు లోపలికి దిగి ఆలోచన అవుతుంది. బరంపురం తెలుగు బిడ్డ తెలుగులోనే గొణుగుతాడు. బడిలో ఆ నోరు మూయించడమంటే వాని చేతిలోని పనిముట్టును లాక్కోవడమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. ఒడిశాలో బతకవలసినవానికి ఒడియా త్వరగా రావాలంటే తెలుగు మానిపించడమే మేలు కదా అని. ఈ మాట ఇతరులకంటె మనవారి నోటనే ఎక్కువగా వస్తున్నది. దీనికి జవాబు అమెరికాలో వెదకనక్కరలేదు. గంజాంను ఆనుకొని ఉన్న కంధమాల్ కొండలలోనే అది దొరికింది. ఉత్కళ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన అజిత్ కుమార్ మహంతి అక్కడి కోందుల మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు. కోందులలో కొన్ని ప్రాంతాలవారు తమ కుయి భాషను కోల్పోయి ఒడియా ఒక్కటే మాట్లాడుతున్నారు. మరికొన్ని ప్రాంతాలవారు కుయిని నిలుపుకొని ఒడియా కూడా నేర్చారు. జాతి ఒకటే, ఆచారాలు ఒకటే, పేదరికమూ ఇంచుమించు ఒకటే. తేడా భాషలోనే. బుద్ధి పరీక్షలలో, భాషను గురించి ఆలోచించే శక్తిలో, చదువులో ఈ రెండు రకాల పిల్లలను ఆయన పోల్చి చూశారు. రెండు భాషలున్నవారే మెరుగుగా నిలిచారు. ఆ ఫలితాలను 1994లో గ్రంథంగా వెలువరించారు. ఇంటి భాషను వదిలిన పిల్లలకు ఒడియా వల్ల ప్రత్యేకంగా ఒరిగినదేమీ లేదు. నిలుపుకొన్నవారికి రెండవ భాష బరువు కాలేదు, బలమైంది.

కుయి ద్రావిడ భాష, తెలుగుకు దగ్గర చుట్టం. ఒడియా పండితుడు ఒడిశా నేలమీద ఆ భాషను గురించి తేల్చిన నిజం తెలుగుకు చెల్లదని ఎవరనగలరు?

ఇంతకు ముందే, మనోవిజ్ఞానమన్న పేరైనా తలవకుండా, ఇదే దారిలో నడిచినవాడు గిడుగు రామమూర్తి. అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకొని, ఆ భాషలోనే వారి పిల్లలకు వాచకాలు రాసి బడులు పెట్టించాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. తెలుగు పిల్లలకు వాడుక భాషలో పుస్తకాలుండాలన్న ఆయన ఉద్యమానికీ, సవర బడికీ మూలసూత్రం ఒక్కటే. బిడ్డకు వచ్చిన మాటతోనే రాని సంగతి నేర్పాలి. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు మనసు కష్టపెట్టుకొని ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయాడు. అయితే 2007లో ఒడిశా ప్రభుత్వం పది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు సవర, కుయి రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. దానిని మెచ్చుకోవలసిందే. అంత చేసిన ప్రభుత్వానికి, లిపీ వాచకాలూ వందల ఏళ్ళ సాహిత్యమూ సిద్ధంగా ఉన్న తెలుగు భారమవుతుందా?

చదువుతో ఆగే విషయం కాదిది. బరంపురం పట్టుచీర నేసే దేవాంగులను తీసుకోండి. పడుగు, పేక, నాడె అన్న మాటలు పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పరు. మగ్గం పక్కన పెరుగుతూ చేతిపనితోపాటు వాటిని పట్టుకుంటారు. పనినీ మాటనూ విడదీస్తే నేర్పు సగమే అందుతుంది. ఇక మనసు నొచ్చినవాని సంగతి. మొదట తుర్కీ, తరువాత ఆంగ్లం నేర్చుకొన్నవారి మీద బోస్టన్‌లో జరిపిన ప్రయోగ ఫలితాలు 2003లో వచ్చాయి. చిన్ననాడు పెద్దలు మందలించిన మాటలను తల్లిభాషలో వినిపించినప్పుడు వారి చర్మంలో కలిగిన స్పందన, ఆంగ్లంలో విన్నప్పటికంటె ఎక్కువగా నమోదైంది. దుఃఖమైనా, భయమైనా, సిగ్గయినా మొదటి భాషలోనే లోతుగా పాతుకొని ఉంటాయి. దిగులుతో వైద్యుని దగ్గరకు వచ్చిన తెలుగు ముసలమ్మ 'గుండెల్లో దడ', 'మనసు బాగోలేదు' అంటే ఆ మాటల బరువు తెలిసిన మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి. గంజాం ఆసుపత్రులలో అటువంటివారిని నియమించడం పెద్ద ఖర్చు కాదు.

తెలుగు, ఒడియా పోటీదారులని అనుకొనేవారు సూరత్ వైపు చూడాలి. గంజాం నుంచి వేలాది ఒడియా కార్మికులు అక్కడి మరమగ్గాలలో పనిచేస్తున్నారు. మన నేతకారులూ అక్కడికి వలస వెళ్ళారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడా బడులు నడిపింది. తన బిడ్డ తన భాషలో అక్షరం దిద్దాలని గంజాం ఒడియా తండ్రి గుజరాత్‌లో కోరుకున్నదే, గంజాంలోని తెలుగు తండ్రి తన ఊళ్ళో కోరుకుంటున్నాడు.

ఒక్క మాట మనవారితో కూడా. బడిలో తెలుగు మాధ్యమం కావాలని సభలలో తీర్మానాలు చేసి, ఇంటికి వెళ్ళి మనుమడిని ఆంగ్ల మాధ్యమంలో చేర్చే పెద్దలు తక్కువేమీ కాదు. నైజీరియాలో ఇఫే నగరంలో 1970లో మొదలైన ప్రయోగాన్ని వారు తెలుసుకోవాలి. అక్కడ పిల్లలకు ఆరేళ్ళు యొరుబా భాషలో అన్ని పాఠాలూ చెప్పి, ఆంగ్లాన్ని ఒక భాషగా మాత్రమే శ్రద్ధగా నేర్పారు. ఆ పిల్లలు ఆంగ్లంలో కూడా వెనకబడలేదు. ఆంగ్లమైనా ఒడియా అయినా బాగా రావాలంటే కింద పునాది ఉండాలి. ఒడియా మన బిడ్డలకు తప్పక రావాలి, చక్కగా రావాలి. అందులో రెండో మాట లేదు.

అడగడానికి ఆధారాలు మన చేతిలోనే ఉన్నాయి. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించాలంటున్నది. బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుడినైనా ఇవ్వాలని 1949 నాటి విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 2020 జాతీయ విద్యా విధానం, సాధ్యమైన చోటల్లా కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన జరగాలంటున్నది. కావలసినది లెక్క. రానున్న చేరికల కాలంలో బరంపురంలోనూ, తెలుగువారున్న ప్రతి ఊరిలోనూ సంఘాలవారు ఇల్లిల్లూ తిరిగి, బడి ఈడు తెలుగు పిల్లల పేర్లు, తరగతులు, తల్లిదండ్రుల సంతకాలతో పట్టికలు తయారుచేయాలి. వాటిని జిల్లా విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఒక నకలు భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపాలి.