సంకెళ్లలోనున్నవారికై ప్రార్థన

ప్రతి సంవత్సరము నవంబరు నెల తొలి ఆదివారములలో ప్రపంచమందలి పెక్కు క్రైస్తవ సంఘములు, తమ విశ్వాసము కారణముగ పరదేశములలో హింసల కోర్చుచున్నవారిని తలంచుకొని ప్రార్థించును. 1996లో ఆరంభమైన ఈ యాచారము మన గోదావరి డెల్టాకు అపరిచితము కాదు. పట్టణమందలి విద్యావంతులలో కొందరు దీనిని అనుమానముతో చూచెదరు. ఎక్కడనో యున్నవారికై కన్నీరు కార్చువారికి ఈ దేశముపై మమకారమెంత యని వారి ప్రశ్న. ఈ ప్రశ్న న్యాయమైనదేనా?

దూరదేశమందున్న తోడివారికై దుఃఖించుట ద్రోహమైనచో, ఆ నేరమునకు మన జాతీయోద్యమమే మొదటి ముద్దాయి కావలసియుండును. 1913 మార్చిలో దక్షిణాఫ్రికాయందు న్యాయమూర్తి సెర్లు, క్రైస్తవ విధిని జరుగని వివాహములు చెల్లవని తీర్పు చెప్పెను. ఒక్క కలముపోటుతో హిందూ మహమ్మదీయ స్త్రీలు ధర్మపత్నులు కాకపోయిరి. గాంధీగారి సత్యాగ్రహములో స్త్రీలును చేరి చెరసాలల కేగిరి. ఇచ్చట సభలు జరిగినవి, చందాలు పోగైనవి. గోఖలేగారి ప్రేరణమున ఆండ్రూసు, పియర్సనులు ఓడ యెక్కిరి. ఆండ్రూసు క్రైస్తవ గురువు. చట్టము తన మతమునకే పట్టము గట్టినచోట ఆయన తక్కినవారి పక్షమున నిలువబోయెను. 1914 నాటి చట్టముతో ఆ వివాహములకు మరల గుర్తింపు కలిగెను. ఆనాడు మనము పరదేశములోని మనవారికై పడిన ఆరాటము దేశభక్తి యైనపుడు, నేడు క్రైస్తవుడు పడు ఆరాటము మరియొకటి ఎట్లగును?

నరసాపురమున ఈ సంఘ జీవన మెట్లు వేరూనెనో చూడుడు. ఆంటొనీ నారిసు గ్రోవ్సు అను ఆంగ్లేయుడు బాగ్దాదులో మతబోధ చేయుచు, 1831 నాటి ప్లేగులో భార్యను పోగొట్టుకొని, పిదప మన దేశమునకు వచ్చెను. ఆయన ప్రోత్సాహమున 1836లో విలియం బౌడెను, జార్జి బీరు అనువారు డెవను సీమనుండి భార్యలతో తరలివచ్చిరి. ఒకడు రాతిపనివాడు, ఒకడు చెప్పులు కుట్టువాడు. చెప్పులు కుట్టు చేతిని అంటరానిదిగ నెంచిన సీమకు అట్టి చేతితోనే ఆ బోధ వచ్చినది. నరసాపురము, పాలకొల్లు ప్రాంతమున వారు నాటినదే గోదావరి డెల్టా మిషనుగ పెరిగినది. ఆ సంఘములలో గురువొక్కడే ప్రార్థింపవలెనను నియమము లేదు. రొట్టె విరచు కూడికలో ఏ సోదరుడైనను లేచి ప్రార్థింపవచ్చును. జబ్బుపడినవారు, ప్రయాణములో నున్నవారు, అప్పుల బాధలో చిక్కినవారు పేరుపేరున స్మరింపబడుదురు. ఆ వరుసలో ఎచ్చటనో చెరలోనున్న వాని పేరు చేరుట వింత గాదు. చెరలోనున్నవారి బాధను తమ బాధగ నెంచవలెనని హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక వారికి విధించినది.

ఇంతకును పరదేశమనగ మనకెంత దూరము? నరసాపురము చుట్టుపట్ల గ్రామములనుండి పెక్కుమంది స్త్రీలు ఇంటిపనులకై కువైటునకు, సౌదీ అరేబియాకు, ఇతర గల్ఫు దేశములకు పోయియున్నారు. వారిలో క్రైస్తవులును గలరు. కువైటులో ప్రభుత్వ మంగీకరించిన ప్రార్థనాలయములు కొలదిగ నున్నవి. సౌదీ అరేబియాలో ఒక్క చర్చికైనను తావు లేదు. గడప దాటుటకే యజమానుని అనుమతి వలసిన పనికత్తె ఏ కూడికకు పోగలదు? ఆమె తల్లి యిచ్చట మోకరించునపుడు దానిని విదేశ వ్యామోహ మందుమా?

కావున ప్రార్థనను తప్పుపట్టుటకు మాకు కారణము కనబడదు. అయితే ఆ ప్రార్థనకొక కర్తవ్యము తోడుగ వచ్చును. అది మందిరములోని వారికే గాక వెలుపలనున్న మనకును సంబంధించినది. పాకిస్థాను పంజాబులో ఆసియా బీబీ కథ దీనిని తేటపరచును. ఆమె పొలములో పండ్లు కోయు కూలి. 1909 గాదు, 2009 జూనులో, ఆమె తాకిన పాత్రలోని నీరు త్రాగమని తోడి కూలిస్త్రీలు పలికిరి. ఆ తగవు దైవదూషణ నేరముగ మారి, 2010లో మరణశిక్షగ పరిణమించెను. ఆమె పక్షమున పలికిన పంజాబు గవర్నరు సల్మాన్ తసీరును 2011 జనవరిలో ఆయన అంగరక్షకుడే కాల్చి చంపెను. రెండు నెలలకు క్రైస్తవుడైన మంత్రి షహబాజ్ భట్టియు బలియయ్యెను. తుదకు 2018 అక్టోబరు 31న అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము ఆమెను నిర్దోషిగ విడిచిపెట్టెను. తసీరు ముసల్మాను. ఆమె కొరకు వాదించిన న్యాయవాది ముసల్మాను. తీర్పు చెప్పిన న్యాయమూర్తులు ముసల్మానులు. అల్పసంఖ్యాకుని స్వేచ్ఛను అధికసంఖ్యాకులలోని ధర్మపరులే కాపాడవలెననుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

పాత్రను గూర్చిన ఆ తగవు మనకు తెలియనిది గాదు. 1985 జూలైలో ప్రకాశము జిల్లా కారంచేడులో, త్రాగునీటి చెరువును పాడుచేయవలదని అడ్డుపడిన మాదిగవారిపై, మరునాటి యుదయము మూకలు విరుచుకుపడెను. ఆరుగురు హతులైరి. ఆ పల్లెలో క్రైస్తవ నామములవారే పెక్కురు. బ్రతికినవారు చీరాలకు పారిపోయి చర్చి యావరణమున తలదాచుకొనిరి. ఆ కేసులో సర్వోన్నత న్యాయస్థానపు తుది తీర్పు వచ్చునప్పటికి 2008 డిసెంబరు అయినది. వారిని కొట్టినవారు వారి మతమును చూడలేదు, కులమును చూచిరి. బాప్తిస్మపు నీటితో అంటరానితనము కడుగుకొనిపోలేదు.

మన చట్టము మాత్రము కడుగుకొనిపోయినట్లే భావించుచున్నది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తరువు మూడవ పేరా హిందువు కానివానిని షెడ్యూల్డు కులములనుండి తొలగించెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు లభించెను. క్రైస్తవునకును ముసల్మానునకును లభింపలేదు. ఆంధ్రప్రదేశములో క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతుల "సి" వర్గములో ఒక్క శాతమునకు లోబడియున్నారు. ఉత్తరువును మార్చవలెనని 2023 మార్చి 24న రాష్ట్ర శాసనసభ తీర్మానించినది. రాజ్యాంగపు 25వ అధికరణము అంతరాత్మకు స్వేచ్ఛ నిచ్చెను. ఈ ఉత్తరువు ఆ స్వేచ్ఛపై జరిమానా విధించెను. కాగితముపై ఒక మతము, ఆదివారమున ఒక మతముగ బ్రతుకువారిని వంచకులనువారు గలరు. ఆ రెండు ముఖములను ఎవరు కల్పించిరో ముందు విచారింపవలదా? ఉన్న కొలది వాటాలో క్రొత్తవారు పాలు పంచుకొందురను హిందూ దళితుల భయము నిరాధారము గాదు. దానికి మార్గము వాటాను పెంచుటయే గాని ఒకని విశ్వాసమునకు వెల కట్టుట గాదు.

సంఘములకును మే మొక్కమాట చెప్పవలసియున్నది. మాలవారికొక మందిరము, మాదిగవారికొక మందిరము, పెండ్లిలో కులము, శ్మశానములో కులము ఉన్నంతవరకు పరదేశమందలి బందీకై చేయు ప్రార్థన సగమే యగును. తక్కిన సగము వీథి అవతల నున్నది.

పట్టణ ప్రజలారా! ప్రార్థించు పొరుగువానిని అనుమానింపకుడు. అతని కూడికకు ఆటంకము కలిగిననాడు అతనికన్న ముందు మీరు పోయి నిలువుడు. ఆసియా బీబీకై తసీరు అర్పించిన ప్రాణమును మన మెవ్వరము అడుగుట లేదు. ఒక మాట, ఒక సంతకము, కోర్టులో ఒక సాక్ష్యము చాలును. ఆ మాత్రపు ధైర్యము నరసాపురమునకు లోపింపకుండుగాక!