ఏ ఊరు? ఎప్పుడు?

2018 అక్టోబరు 11, తెల్లవారుజాము. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస... తోటలకు తోటలే నేలకొరిగాయి. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. పొట్టకూటికి హైదరాబాద్, చెన్నై వెళ్లిన సిక్కోలు పిల్లలకు ఇంటి కబురు లేదు.

అలాంటప్పుడు వాళ్లు వెతికేది ఫేస్‌బుక్, వాట్సప్‌లలోనే. 'ఉద్దానం సర్వనాశనం' అంటే లైకులు బోలెడు పడతాయి. అమ్మ ఎలా ఉందో మాత్రం తెలియదు. అదే ఊరి పేరు, ఫొటో తీసిన సమయం, దారి ఎక్కడ తెగింది, తాగునీరు ఏ వీధికి అందలేదు అని రాస్తే కొడుకూ కదులుతాడు, అధికారీ కదులుతాడు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట వీడియో కదలదు, ఈ నాలుగు ముక్కలు వెళ్తాయి. కళ్లారా చూసిందేదో, విన్నదేదో విడదీసి చెప్పే విలేకరినే జనం రెండోసారీ నమ్ముతారు. బ్లాగరుకైనా అంతే.

అసలు తంటా పాత ఫొటోలతో. 2014లో హుద్‌హుద్‌కు పడిన చెట్టుకూ తిత్లీకి పడిన చెట్టుకూ తేడా ఎవరు చెప్పగలరు? గూగుల్ లెన్స్‌లో వెతికితే అది ఇదివరకు ఎక్కడ వచ్చిందో చాలాసార్లు దొరికిపోతుంది. దొరక్కపోతే పంపినవాళ్లను అడగడమే... "ఎక్కడ తీశావు బాబూ, ఎప్పుడు?" అని. అయినా తప్పు దొర్లితే పోస్టును గుట్టుగా తీసేయకుండా, అక్కడే సవరణ రాయాలి. ముందు చూసినవాళ్లు ఇంకా అదే నిజమనుకుంటూ ఉంటారు మరి!